తెలంగాణలో భూ సంరక్షణ, వన్యప్రాణి రక్షణ, ఆరుబయట వినోదాలకు ప్రభుత్వ నిధులు

భూమి, అడవి, చెరువుల సంరక్షణకు, వన్యప్రాణుల రక్షణకు, ప్రజలు ఆరుబయట సేదతీరే తావుల ఏర్పాటుకు కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు వెచ్చించే ధనం ఈ వ్యాస విషయం. తెలంగాణలో ఈ పనులన్నిటికీ కలిపి ఒకే నిధి లేదు. అటవీ బడ్జెట్, కంపా (పరిహార అటవీకరణ నిధి), ఉపాధి హామీ, పంచాయతీల హరిత బడ్జెట్, ఖనిజ నిధి వంటి వేర్వేరు మార్గాల్లో డబ్బు వస్తుంది. ఏ మార్గంలో వచ్చిందన్న దాన్నిబట్టే దాన్ని ఏ పనికి వాడవచ్చో, ఎవరు వాడాలో నిర్ణయమవుతుంది. సూర్యాపేట జిల్లా చిలుకూరు మండలం, దాని చుట్టూ ఉన్న కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుని ఈ ఏర్పాటును కింద వివరించడమైంది.

నిర్వచనం, పరిధి

భూ సంరక్షణ అంటే నేల కోతను అరికట్టడం, వాన నీటిని నిలపడం, అడవి తరిగిన చోట మొక్కలు పెంచడం, చెరువుల పూడిక తీయడం. వన్యప్రాణి రక్షణ కింద అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాలు, పులుల రిజర్వుల నిర్వహణ, వేట నివారణ, జంతువుల దాడుల్లో నష్టపోయినవారికి పరిహారం వస్తాయి. ఆరుబయట వినోదం కిందికి అర్బన్ ఫారెస్ట్ పార్కులు, పల్లె ప్రకృతి వనాలు, చెరువు కట్టల సుందరీకరణ, క్రీడా ప్రాంగణాలు వస్తాయి.

ప్రభుత్వ లెక్కల్లో ఇవి వేర్వేరు పద్దుల్లో నమోదవుతాయి. అడవులు, వన్యప్రాణుల రెవెన్యూ ఖర్చు 2406 పద్దు కింద, మూలధన వ్యయం 4406 కింద ఉంటుంది. నేల, నీటి సంరక్షణకు 2402, పర్యాటకానికి 3452 పద్దులున్నాయి. అందువల్ల ఒక మండలంలో ఈ పనులకు మొత్తం ఎంత ఖర్చయిందో తెలియాలంటే అటవీ, గ్రామీణాభివృద్ధి, నీటిపారుదల, పురపాలక శాఖల లెక్కలను కలిపి చూడాలి.

ప్రాంత నేపథ్యం

చిలుకూరు మండలం కోదాడ, హుజూర్‌నగర్‌ల మధ్య ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగే వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఆ తర్వాత సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. ఈ ప్రాంతం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వరి ప్రధాన పంట. పెద్ద అడవులు మాత్రం అంచుల్లో ఉన్నాయి. దక్షిణాన కృష్ణా తీరంలో మట్టపల్లి వైపు, నైరుతిన మిర్యాలగూడకు దక్షిణంగా ఉన్న దామరచర్ల వైపు, ఇంకా ముందుకు పోతే నాగార్జునసాగర్ కొండల్లో అటవీ భూములు విస్తరించాయి. సూర్యాపేట సమీపంలో, చివ్వెంల మండలం ఉండ్రుగొండ గుట్టల్లోనూ అడవి ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి మండలాల్లో సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి.

ఇలా ఆయకట్టు, అడవి, గనులు పక్కపక్కనే ఉండటంతో ఇక్కడికి పలు రకాల నిధులు చేరతాయి. ఆయకట్టు గ్రామాల్లో ఉపాధి హామీ, పంచాయతీ నిధులు ప్రధానం. కృష్ణా తీర అడవుల్లో అటవీ బడ్జెట్, కంపా నిధులు ముఖ్యం. సున్నపురాయి మండలాల్లో వీటికి ఖనిజ నిధి తోడవుతుంది.

చరిత్ర

హైదరాబాదు రాజ్యంలో అడవులు ప్రధానంగా ఆదాయ వనరులు. 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టం రిజర్వు అడవుల గుర్తింపును, కలప హక్కులను క్రమబద్ధం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల చట్టాలను ఒకటి చేస్తూ 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను, వన్యప్రాణులను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మార్చింది. పర్యావరణ రక్షణను ప్రభుత్వ విధిగా 48ఎ అధికరణంలో చేర్చింది. ఈ మార్పుతో అటవీ రంగంలో కేంద్రం పాత్ర పెరిగింది. 1980 అటవీ సంరక్షణ చట్టం అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించాలంటే కేంద్రం ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. కృష్ణా తీరంలోని నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల రిజర్వు అయింది.

మెట్ట ప్రాంతాల భూ సంరక్షణకు 1973-74లో కరవు పీడిత ప్రాంతాల పథకం మొదలైంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా దీని పరిధిలో ఉండేది. ఈ పథకాన్ని సమీక్షించిన కమిటీకి తెలంగాణకు చెందిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షులు. ఆ కమిటీ సిఫార్సులతో 1995 ఏప్రిల్ నుంచి కొత్త వాటర్‌షెడ్ మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల పరివాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, గ్రామస్థుల కమిటీ ద్వారా పని చేయించడం వాటి ముఖ్యాంశం. హెక్టారుకు అప్పట్లో సగటున 4,000 రూపాయలు ఇచ్చేవారు. మైదాన ప్రాంతాల్లో ఈ మొత్తం 2009 సమీకృత వాటర్‌షెడ్ పథకంలో 12,000కు, 2021 తర్వాతి దశలో 22,000కు పెరిగింది.

అడవుల పునరుద్ధరణలో గ్రామస్థులను భాగస్వాములను చేస్తూ 1990ల్లో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ప్రపంచ బ్యాంకు రుణంతో 1994లో ఆంధ్రప్రదేశ్ అటవీ ప్రాజెక్టు, 2002లో సామాజిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు చేపట్టారు.

తెలంగాణ ఏర్పడ్డాక 2015 జులై 3న తెలంగాణకు హరితహారం మొదలైంది. దాన్ని ప్రారంభించిన చిలుకూరు రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని బాలాజీ క్షేత్రం. సూర్యాపేట జిల్లా చిలుకూరు వేరు. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడం పథక లక్ష్యం. 2024 నుంచి మొక్కల కార్యక్రమం వనమహోత్సవం పేరుతో నడుస్తోంది.

నిధుల రకాలు

రాష్ట్ర బడ్జెట్: అటవీ శాఖ జీతభత్యాలు, రోజువారీ నిర్వహణ దీని నుంచే సాగుతాయి.

కేంద్ర పన్నుల వాటా: రాష్ట్రాల్లో అడవులను నిలిపి ఉంచడాన్ని ఆర్థిక సంఘాలు క్రమంగా లెక్కలోకి తీసుకున్నాయి. 12వ ఆర్థిక సంఘం అడవుల నిర్వహణకు అన్ని రాష్ట్రాలకు కలిపి 1,000 కోట్ల రూపాయలు, 13వ సంఘం 5,000 కోట్లు ప్రత్యేక గ్రాంటుగా సిఫార్సు చేశాయి. వై.వి. రెడ్డి అధ్యక్షతన 14వ సంఘం పద్ధతిని మార్చి, పన్నుల పంపిణీ సూత్రంలోనే అటవీ విస్తీర్ణానికి 7.5 శాతం ప్రాధాన్యమిచ్చింది. 15వ సంఘం దాన్ని 10 శాతం చేసింది. ఇలా వచ్చే సొమ్మును అడవులకే ఖర్చు చేయాలన్న నిబంధన లేదు.

కేంద్ర ప్రాయోజిత పథకాలు: వన్యప్రాణి ఆవాసాల సమగ్రాభివృద్ధి, గ్రీన్ ఇండియా మిషన్, జలావరణాల సంరక్షణ వంటి పథకాల్లో సాధారణంగా కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. రాష్ట్రం తన వాటా విడుదల చేయడంలో, ఖర్చు లెక్కలు పంపడంలో ఆలస్యమైతే తర్వాతి విడత ఆగుతుంది.

కంపా నిధి: అటవీ భూమిని మళ్లించుకున్న సంస్థలు చెల్లించే సొమ్ము ఇందులో జమవుతుంది. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన ఆదేశం దీనికి మూలం. 2006లో తాత్కాలిక సంస్థ ఏర్పడింది. 2016లో చేసిన పరిహార అటవీకరణ నిధి చట్టం 2018 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. సొమ్ములో 90 శాతం రాష్ట్ర నిధికి, 10 శాతం జాతీయ నిధికి చెందుతుంది. ఏడాది ముగిసినా మురిగిపోని, వడ్డీ వచ్చే నిధి ఇది. 2019 ఆగస్టులో కేంద్రం 27 రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. అందులో తెలంగాణకు సుమారు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 1,735 కోట్లు అందాయి.

ఉపాధి హామీ: 2005 జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరిలో మొదటి విడతగా అమలైన జిల్లాల్లో ఉమ్మడి నల్లగొండ ఒకటి. ఆ చట్టం కింద కూలీల వేతనం మొత్తాన్ని, సామగ్రి ఖర్చులో నాలుగింట మూడు వంతులను కేంద్రం భరించింది. కందకాలు, ఫారం పాండ్లు, చెరువు పూడికతీత, నర్సరీలు, మొక్కల పెంపకం గ్రామాల్లో దీని ద్వారానే ఎక్కువగా జరిగాయి.

హరిత బడ్జెట్: తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018, పురపాలక చట్టం 2019 స్థానిక సంస్థల బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలన్నాయి. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని లక్ష్యం విధించాయి.

హరితనిధి: 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ఈ నిధికి ప్రజాప్రతినిధులు, ఉద్యోగుల జీతాల నుంచి నెలవారీ విరాళం, రిజిస్ట్రేషన్లు, లైసెన్సులపై చిన్న రుసుము ఆధారం. ఎమ్మెల్యే, ఎంపీలకు నెలకు 500 రూపాయలు, సాధారణ ఉద్యోగులకు 25 రూపాయలుగా నిర్ణయించారు.

జిల్లా ఖనిజ నిధి: గనుల చట్టానికి 2015లో జరిగిన సవరణతో ఏర్పడింది. పాత లీజుదారులు రాయల్టీపై 30 శాతం, వేలంలో పొందినవారు 10 శాతం అదనంగా చెల్లిస్తారు. గనుల ప్రభావిత గ్రామాలే దీని లబ్ధిదారులు. పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ అధిక ప్రాధాన్య రంగాల్లో ఉన్నాయి. ఆ రంగాలన్నిటికీ కలిపి కనీస వాటా మొదట 60 శాతం. 2024 మార్గదర్శకాల్లో 70 శాతమైంది.

నిధులు నడిచే తీరు

అటవీ భూమి మళ్లింపు: దామరచర్ల ఉదాహరణ

మిర్యాలగూడకు సమీపంలో, నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగింది. దీనికోసం సుమారు 4,676 ఎకరాల (1,892 హెక్టార్ల) అటవీ భూమిని మళ్లించారు. ఇలాంటి మళ్లింపులో భూమి కోరిన సంస్థ మూడు రకాల బాధ్యతలు తీర్చాలి. మొదటిది, అంతే విస్తీర్ణంలో అటవీయేతర భూమిని అటవీ శాఖకు అప్పగించడం. కేంద్ర ప్రభుత్వ సంస్థల వంటి కొన్ని సందర్భాల్లో దానికి బదులు రెండింతల క్షీణించిన అడవిలో మొక్కలు పెంచవచ్చు. రెండోది, ఆ భూమిలో మొక్కలు పెంచి, కొన్నేళ్లు సంరక్షించే ఖర్చు. మూడోది, అడవి ఇకముందు అందించవలసిన కలప, నీరు, నేల, గాలి సేవలకు కట్టిన విలువ. దీన్నే నికర ప్రస్తుత విలువ అంటారు.

ఈ విలువ అడవి రకం, చెట్ల సాంద్రతలను బట్టి మారుతుంది. సుప్రీంకోర్టు 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు రేట్లు ఖరారు చేసింది. 2022లో అత్యధిక రేటు 15.95 లక్షలకు పెరిగింది. 2008 రేట్ల ప్రకారం 1,892 హెక్టార్ల అడవికి ఈ విలువ అత్యల్ప రేటుతో సుమారు 83 కోట్లు, అత్యధిక రేటుతో సుమారు 197 కోట్లు అవుతుంది. ఇది రేట్ల పరిధిని చూపే లెక్కే గాని చెల్లింపు వివరం కాదు.

జమైన సొమ్మును వెంటనే వాడటానికి వీలులేదు. అటవీ శాఖ ఏటా కార్యాచరణ ప్రణాళిక తయారు చేస్తుంది. ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి ఆధ్వర్యంలోని కార్యనిర్వాహక సంఘం, ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన స్టీరింగ్ కమిటీ దాన్ని పరిశీలించాక జాతీయ సంస్థ ఆమోదానికి పోతుంది. రాష్ట్ర పాలక మండలికి ముఖ్యమంత్రి అధ్యక్షులు. నికర ప్రస్తుత విలువ కింద వచ్చిన సొమ్ములో కనీసం 80 శాతం అడవులు, వన్యప్రాణుల యాజమాన్యానికే వెచ్చించాలి. మిగతాది సిబ్బంది సదుపాయాలకు వాడవచ్చు. శాశ్వత ఉద్యోగుల జీతాలకు, విదేశీ పర్యటనలకు వాడటం నిషేధం. పరిహారంగా పెంచే అడవి భూమి పోయిన చోటే ఉండాలన్న నియమం లేదు. వేరే మండలంలో, వేరే జిల్లాలో కూడా ఉండవచ్చు.

గ్రామ నర్సరీ నుంచి గట్టు దాకా

అడవి లేని ఆయకట్టు గ్రామంలో డబ్బు దారి వేరు. పనుల జాబితాను గ్రామసభ ఆమోదిస్తుంది. టెక్నికల్ అసిస్టెంట్ అంచనా వేస్తాడు, ఎంపీడీవో పరిపాలనా అనుమతి ఇస్తాడు. కూలీల హాజరు మస్టరులోకి ఎక్కుతుంది. కొలతలు ఎం-బుక్‌లో రాస్తారు. వేతనం నేరుగా ఖాతాలో పడుతుంది. నర్సరీలో కవర్లలో మట్టి, ఎరువు నింపి విత్తనం వేయడం ఎండాకాలం ముందే మొదలై, జూన్, జులై వానలకు మొక్కలు నాటే ఎత్తుకు వస్తాయి. గుంతలు తీయడానికి, నాటడానికి కూలి ఉపాధి హామీ నుంచి వస్తుంది. వేసవిలో ట్రాక్టర్ ట్యాంకరుతో నీళ్లు పోయడానికి, ట్రీగార్డులకు పంచాయతీ నిధులు కలుస్తాయి.

ఆయకట్టు గ్రామాల్లో పెద్ద సమస్య స్థలం. వరి మళ్ల మధ్య ప్రభుత్వ భూమి తక్కువ. అందుకే మొక్కలు ఎక్కువగా రోడ్ల వెంట, కాలువ గట్లపై, చెరువు కట్టలపై, బడి ఆవరణల్లో కనిపిస్తాయి. రోడ్డు విస్తరణ జరిగితే ముందుగా పోయేది కూడా ఈ చెట్లే.

వన్యప్రాణి రక్షణ నిధులు

తెలంగాణలో ఈ ప్రాంతానికి దగ్గరి పులుల రిజర్వు అమ్రాబాద్. ఉమ్మడి రాష్ట్ర విభజన తర్వాత నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వులో తెలంగాణకు వచ్చిన భాగం ఇది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగార్జునసాగర్ వైపు అడవులు కూడా దీనిలో భాగం. రాష్ట్రంలో రెండో రిజర్వు 2012లో ప్రకటించిన కవ్వాల్.

పులుల రిజర్వుల్లో నిర్మాణాల వంటి ఒకసారి ఖర్చులో కేంద్రం 60 శాతం, ఏటా పునరావృతమయ్యే ఖర్చులో 50 శాతం ఇస్తుంది. వేట నిరోధక బేస్ క్యాంపులు, స్థానిక చెంచు యువకులు సహా ట్రాకర్ల వేతనాలు, కెమెరా ట్రాప్‌లు, ఫైర్ లైన్లు, నీటి గుంతలు ప్రధాన పనులు. వన్యప్రాణి ఆవాసాల పథకానికి 15వ ఆర్థిక సంఘం కాలంలో దేశమంతటికీ 2,602.98 కోట్ల రూపాయలు కేటాయించారు.

రిజర్వు లోపలి గ్రామాలు స్వచ్ఛందంగా తరలితే కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షల రూపాయలకు పెంచారు. కవ్వాల్‌లో కడెం మండలం మైసంపేట, రాంపూర్ గ్రామాలు ఈ పద్ధతిలో తరలాయి. వన్యప్రాణి దాడిలో మనిషి మరణిస్తే చెల్లించే పరిహారాన్ని కేంద్రం 2023లో 10 లక్షలకు పెంచింది. పర్యాటకుల నుంచి వచ్చే ప్రవేశ రుసుము రిజర్వుకు చెందిన పులుల సంరక్షణ ఫౌండేషన్‌లో జమై స్థానికంగానే ఖర్చవుతుంది.

ఆరుబయట వినోదం

పట్టణాల దగ్గరి అడవిని పార్కుగా మార్చే విధానం హైదరాబాదులో కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని జాతీయ ఉద్యానాలతో 1990ల్లో స్థిరపడింది. హరితహారం కాలంలో రాష్ట్రవ్యాప్తంగా 100కు పైగా అర్బన్ ఫారెస్ట్ పార్కులు చేపట్టారు. రిజర్వు అడవిలో కొంత భాగాన్ని నడక దారులు, వాచ్ టవర్, పిల్లల ఆటస్థలానికి కేటాయించి, మిగిలిన దాన్ని కంచె వేసి సంరక్షించడం వీటి నమూనా. కేంద్రం 2020లో ప్రకటించిన నగర వన పథకం జాతీయ కంపా నిధి నుంచి హెక్టారుకు 4 లక్షల రూపాయలు ఇస్తుంది.

మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది. రాష్ట్రంలో 46,531 చెరువులను గుర్తించి, పూడికతీతతోపాటు నియోజకవర్గానికో చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దాలని సంకల్పించారు. సూర్యాపేటలో సద్దల చెరువు ఇలా అభివృద్ధి చెందింది. పల్లెల్లో 2020 నుంచి ప్రకృతి వనాలు, 2022 జూన్ నుంచి తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ఏర్పాటయ్యాయి. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులు, లాంగ్ జంప్ గుంత, వ్యాయామ కడ్డీలు ప్రాంగణంలోని సాధారణ సదుపాయాలు. నిర్మాణానికి ఉపాధి హామీ ఆధారం, నిర్వహణ పంచాయతీది.

ఇతర దేశాలతో పోలిక

అమెరికాలో 1964 చట్టంతో ఏర్పడిన ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ భూమి కొనుగోలుకు, పార్కులకు డబ్బిస్తుంది. సముద్ర గర్భంలో చమురు తవ్వకాలపై వచ్చే రాయల్టీ దాని ప్రధాన ఆధారం. 2020 చట్టం ఏటా 90 కోట్ల డాలర్లను శాశ్వతంగా కేటాయించింది. వేట ఆయుధాలపై పన్నును వన్యప్రాణులకు మళ్లించే చట్టం అక్కడ 1937 నుంచి ఉంది.

భారతదేశంలో సంరక్షణ కోసం భూమి కొనడం అరుదు. ప్రభుత్వ భూమిని చట్టం కింద రిజర్వు అడవిగానో అభయారణ్యంగానో ప్రకటించడమే ప్రధాన మార్గం. ఆ క్రమంలో స్థానికుల హక్కుల పరిష్కారం తప్పనిసరి; 2006 అటవీ హక్కుల చట్టం దీన్ని మరింత బలపరిచింది. అయితే ప్రకృతి వనరు ఒకచోట తరిగితే వచ్చే సొమ్మును మరోచోట సంరక్షణకు వాడటం కంపాకు, అమెరికా నిధికి ఉమ్మడి లక్షణం.

తనిఖీ, విమర్శలు

కంపాపై కాగ్ 2013లో జాతీయ స్థాయి నివేదిక ఇచ్చింది. 2006–12 మధ్య రావలసిన 1,03,382 హెక్టార్ల అటవీయేతర భూమిలో 27 శాతమే అందిందని, పరిహార అటవీకరణ రావలసిన భూమిలో 7 శాతం విస్తీర్ణంలోనే జరిగిందని అది పేర్కొంది. వైవిధ్యమున్న సహజ అడవికి ఒకే జాతి మొక్కల తోట సాటిరాదన్నది పర్యావరణవేత్తల ప్రధాన అభ్యంతరం. కంపా పనులకు గ్రామసభ సమ్మతి చాలినంత తీసుకోవడం లేదని అటవీ హక్కుల కార్యకర్తలు అంటారు. అభివృద్ధి ప్రాజెక్టులు ఆగకుండానే నష్టానికి కొంతైనా మూల్యం రాబట్టే మార్గం ఇదేనన్నది ప్రభుత్వాల వాదన.

మొక్కల లెక్క విషయంలో నాటినవాటికి, బతికినవాటికి మధ్య తేడా చర్చకు వస్తుంటుంది. భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం తెలంగాణలో అటవీ ఆచ్ఛాదన 21,214 చదరపు కిలోమీటర్లు, అంటే భూభాగంలో 18.93 శాతం, 2019 కంటే 632 చదరపు కిలోమీటర్లు ఎక్కువ. హరితహారం లక్ష్యంలో పేర్కొన్న 24 శాతం రికార్డుల్లో అడవిగా నమోదైన భూమికి దగ్గరి అంకె గనుక ఈ రెండు శాతాలను నేరుగా పోల్చరాదు.

ప్రాధాన్యం

చిలుకూరు వంటి ఆయకట్టు మండలంలో సంరక్షణ నిధులు పెద్ద అడవులకు గాక చెరువులు, గట్లు, నీడ చెట్లు, ఆటస్థలాలకు చేరతాయి. వాటి ఫలితం భూగర్భ జలంలో, వేసవి కూలిలో, పంచాయతీ ఆస్తుల్లో కనిపిస్తుంది. దామరచర్ల, సాగర్ వైపు అడవుల్లో అదే ప్రభుత్వ వ్యయం వన్యప్రాణుల ఆవాసానికి, నష్టపరిహారానికి సంబంధించినది. రెండు చోట్లా మొదటి ఏడాది పెట్టుబడికి నిధులు దొరకడం కంటే ఆ తర్వాతి ఏళ్ల నీళ్లు, కాపలా, మరమ్మతులకు దొరకడం కష్టం. కంపా అటవీకరణలో నిర్వహణ ఖర్చును ముందే లెక్కకట్టి వసూలు చేస్తారు. పల్లె ప్రకృతి వనానికి, క్రీడా ప్రాంగణానికి అలాంటి ఏర్పాటు లేదు గనుక ఆ భారం పంచాయతీ హరిత బడ్జెట్‌పైనే పడుతుంది.